డ్రమ్ములో ఒక్క టెంక

పోయిన వారం సుజాతని ఫ్యాక్టరీ గేటు ముందు, భుజం మీద మూడు నెలల పాపతో, నెత్తి మీద ఎండతో నిలబెట్టి మనం మన ఇళ్ళకి పోయాం. వారం రోజులు నిలబడ్డ మనిషికి కాళ్ళు ఎంత లాగుతాయో మనలో ఒక్కరూ ఆలోచించలేదు. పోనీ, వాచ్‌మన్ సాయికుమార్ ఆలోచించాడా అంటే, అతనూ ఆలోచించలేదు. సెలవులో ఉన్న మనిషిని లోపలికి పంపాలో వద్దో తేలక, మామిడికాయల ఆఖరి లారీ లోపలికి పోయేదాకా ఆమెని అలాగే ఉంచి, లారీ వెనకాలే పొమ్మన్నాడు.

కథలోకి ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే రోడ్డులో వెంకటకృష్ణారావు గారికి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఉంది. అందులో రెండో లైనుకి సుజాత మేస్త్రి. లైనంటే కాయ కడిగి, తొక్క తీసి, టెంక వేరు చేసే చోటు. ఆ పని చేసే ఆడవాళ్ళ మీద అజమాయిషీ ఆమెది. ఉద్యోగం పేరు పెద్దదే గాని ఆయుష్షు చిన్నది. మాఘంలో రమ్మంటారు, శ్రావణం దాటగానే పొమ్మంటారు. ఏడాది పొడుగునా జీతం వచ్చే పర్మినెంటు ఉద్యోగం కావాలంటే, సీజను చివర రావు గారు ఇచ్చే 'సంతోషం' వరసగా మూడేళ్ళు అందుకోవాలి. సుజాత రెండేళ్ళు అందుకుంది. మూడో ఏడు, సరిగ్గా కాయ దిగే రోజుల్లో, ఆమెకి కాన్పయింది.

పురిటి సెలవు కోసం ఆమె ఎన్ని గడపలు ఎక్కిందో మీరు చదివే ఉన్నారు. సెలవు దొరికింది, సెలవు జీతమూ పడింది. ఇక మిగిలింది సంతోషం. అది దొరికితే పర్మినెంటు. తెగిందా, మళ్ళీ ఒకటో ఏడు నుంచి మొదలు. శ్రావణం దాటగానే ఎప్పటిలాగే ఉంగుటూరు వైపు వరి కలుపులకీ, ఆ తర్వాత కోతలకీ బ్యాచ్‌తో వెళ్ళి, వారాల తరబడి అక్కడి రేకుల షెడ్లలో పడుకోవాలి. పాలు తాగే పిల్లని ఎక్కడ పెట్టాలి? అత్త సత్యవతికి చూపు మసక. పాలసీసాకీ నూనెసీసాకీ తేడా వాసన చూసి చెప్పాల్సిందే. మొగుడు పెద్దిరాజు ట్రాక్టరు మీద తిరుగుతుంటాడు. పిల్లని ఇంట్లో వదిలితే ఒక భయం, బురదలోకి తీసుకుపోతే ఇంకో భయం. అందుకే ఆమె ఇవాళ ఇక్కడికి వచ్చింది.

సంతోషం అనే మాటలో చాలా మెలిక ఉంది. దసరాకి ఇచ్చే బోనసు వేరు. అది చట్టం చెప్పిన బోనసు. తగ్గితే అడగొచ్చు, ఆపితే కేసు పెట్టొచ్చు. సంతోషం అలా కాదు, అది రావు గారికి కలగాలి. కలిగితే కవరులోకి వస్తుంది. నాకెందుకు రాలేదండీ అని ఎవరైనా అడిగితే, కలగలేదమ్మా అంటారు. కలగని సంతోషాన్ని కలిగించుకోమని ఏ కోర్టు మాత్రం చెబుతుంది?

ఈ ఏర్పాటు రావు గారి తండ్రిది. ఆ పెద్దాయన సామాన్యుడు కాదు. ఆయన తోటలో పెద్దరసం చెట్టొకటి ఉండేదట. కాయ కోయడానికి దాని మీదికి పెళ్ళికాని కుర్రాడు ఎక్కితే, దిగేటప్పటికి పెళ్ళీడుకొచ్చిన కొడుకుని వెంటబెట్టుకుని దిగేవాడట. మరి పెళ్ళెక్కడ అయిందయ్యా అని అడిగితే, పైకొమ్మల్లో వేరే ఊరుందిగా, అక్కడి సంబంధమే అనేవాడట. అంత పెద్ద చెట్టుని ఏలిన మనిషి కూడా ఒక్క తగువు మాత్రం తీర్చలేకపోయాడు. సీజన్లో చాలా రోజులు రానివాళ్ళకి సంతోషం ఇవ్వాలా, వద్దా? ఇస్తే వచ్చినవాళ్ళకి మంట, ఇవ్వకపోతే రానివాళ్ళకి మంట. ఆలోచించి ఆలోచించి ఆయన ఒక డ్రమ్ము తెప్పించాడు.

ఆఖరి లోడు దిగిన రోజున లైన్లో ఉన్నవాళ్ళందరికీ తలా ఒక టెంక, ఒక తొక్క ఇస్తారు. రెండూ రెండు గుప్పిళ్ళలో పట్టుకుని గోనె కప్పిన డ్రమ్ము దగ్గరికి వెళ్ళాలి. టెంక వేస్తే ఆ మనిషి ఈ సీజన్లో ఉన్నట్టే. తొక్క వేస్తే లేనట్టే. ఏవి ఎక్కువ పడితే అదే తీర్పు. రెండోది పక్కనున్న చెత్త తొట్టిలో పడేసి, వెనక్కి చూడకుండా రావాలి. ఎవరి సంగతి తేలుస్తున్నారో ఆ మనిషి కూడా ఒకటి వెయ్యొచ్చు. మొదట్లో టెంక పడితే టప్పుమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు బట్టి ఎవరు వేశారో, ఎవరు వెయ్యలేదో పసిగట్టి జుట్లు పట్టుకునేవాళ్ళు. అప్పటి నుంచి డ్రమ్ము అడుగున కూడా గోనె పరుస్తున్నారు.

ఇందులో అసలు కిటుకు ఇంకోటి. ఆగిపోయిన సంతోషం రావు గారి జేబులోకి పోదు. అదే లైన్లో మిగతావాళ్ళకి పంచుతారు. ఎంత న్యాయమో చూడండి. ఒకావిడకి అన్నం పెట్టాలా వద్దా అన్న మాట, ఆ అన్నం తమ కంచాల్లోకే వచ్చే తొమ్మిది మందిని అడగడం.

పచ్చకామెర్లు వచ్చినవాళ్ళకీ, కాలు విరిగినవాళ్ళకీ ఇదివరకు డ్రమ్ము పెట్టారు. జనం జాలిపడి టెంకలే వేశారు. పురిటి సెలవుకి డ్రమ్ము పెట్టడం మాత్రం ఇదే మొదలు. అంతకుముందు నెలలు నిండినవాళ్ళు పనే మానేసేవాళ్ళు. మానేసినవాళ్ళకి డ్రమ్మెందుకు?

సుజాత షెడ్డులోకి అడుగుపెట్టగానే లైనంతా చుట్టూ మూగింది. పాప ఒక చంక నుంచి ఇంకో చంకకి మారి, షెడ్డు చివరిదాకా ప్రయాణం చేసి వచ్చింది. ముక్కు తల్లిదన్నారు, నుదురు పెద్దిరాజుదన్నారు, ఏడుపు మాత్రం మేనేజరు శ్యామ్ సుందర్‌దన్నారు. అందరికంటే చిన్నది స్వాతి, పాపని ఎత్తుకున్న వంకతో సుజాత చెవి దగ్గరికి వచ్చి, "నాది టెంకేలే అక్కా, నువ్వు బెంగపడకు" అని వెళ్ళింది. అందరికంటే పెద్దది అప్పాయమ్మ మాత్రం ఎగాదిగా చూసింది.

"రెస్టు బాగా పట్టినట్టుందమ్మాయ్. తెల్లబడ్డావు."

రెస్టు. పురిటి సెలవుకి లైన్లో పెట్టిన పేరు అది. పాప పుట్టింది మొదలు సుజాత పోయిన నిద్రంతా ఒకచోట కుప్పపోస్తే ఒక పిల్లి కునుకుకి సరిపోదు. ఆ మాట చెబుదామని నోటిదాకా వచ్చింది గాని, అప్పుడే అప్పాయమ్మ చేతులు కనిపించాయి. మామిడి సొన కారి కారి, వేళ్ళ సందులు నల్లగా కాలి, తోలు పొరలు పొరలుగా లేచి ఉంది. పక్కనున్న స్వాతి చేతులూ అంతే. ఈ ఏడు ఎండ ఎలాంటిదంటే, తోటలో లారీ ఎక్కిన పచ్చికాయ ఫ్యాక్టరీ చేరేలోపు పండి, కాటా ఎక్కేలోపు తనే గుజ్జయి, నన్ను ఏ డబ్బాలో పోస్తారని అడిగిందట. ఆ ఎండలో, రేకుల కింద, బాయిలరు పక్కన వీళ్ళు నిలబడ్డారు. సుజాత బదులు కంపెనీ ఇంకో మనిషిని పెట్టలేదు. ఆమె పని కూడా వీళ్ళ మీదే పడింది.

సుజాత తన చేతులు చూసుకుంది. అవి మామూలు ఆడదాని చేతుల్లా ఉన్నాయి. ఆ రెండు చేతుల్నీ పాప కింద దాచుకుంది.

ప్రమీలారాణి మాత్రం దగ్గరికి రాలేదు. సుజాతతో ఒకే ఏడు పనిలో చేరిన మనిషి, ఒకే డబ్బాలో అన్నం తిన్న మనిషి. సుజాత లేనన్నాళ్ళూ మేస్త్రి పని చూసింది తనే. చివర కుళాయి దగ్గర కత్తులు కడుగుతూ, తలెత్తి ఒకసారి నవ్వి, మళ్ళీ కత్తుల్లో పడింది. పని మీద ఉందిలే అనుకుంది సుజాత.

ఆఖరి లోడు కలెక్టర్ కాయ. పుల్లగా, పొడుగ్గా, ముక్కు వంకరగా ఉండే ఆ కాయకి ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఏ కలెక్టరూ వచ్చి ఇదేంటని అడగలేదు. దాని టెంకలూ తొక్కలూ ఒక బేసిన్లో పోసి శ్యామ్ సుందర్ తలా ఒక జత పంచాడు. రావు గారు షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరే వెళ్ళి వచ్చారు. చప్పుడు రాదని తెలిసి కూడా సుజాత చెవులు రిక్కించి విన్నది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఈగల చప్పుడు, పాప లొట్టలు వేస్తున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

సుజాత వంతు వచ్చింది. తనకి తానే టెంక వేసుకోవడం తన పెళ్ళికి తనే అక్షింతలు చల్లుకున్నట్టు అనిపించింది. వెయ్యకుండా వచ్చేద్దామా అనుకుంది. ఎలాగూ అందరూ వేస్తారు, స్వాతి చెప్పింది కదా, తనది ఒకటి తగ్గితే వచ్చే నష్టం ఏముంది? కానీ ఇంటి దగ్గర అత్త ఒకే మాట చెప్పి పంపింది. ఎవరి మీదా ఆశ పెట్టుకోకే పిల్లా, నీ చెయ్యి నువ్వు వెనక్కి తీసుకోకు అని. సుజాత గోనె కింద చెయ్యి పెట్టి, టెంకని మెల్లిగా, నిద్రపోతున్న పిల్లని మంచం మీద దింపినట్టు దింపి వచ్చింది.

శ్యామ్ సుందర్ డ్రమ్ముని పట్టా మీద బోర్లించాడు.

ముందు తొక్క పడింది. తర్వాత తొక్క పడింది. తర్వాత తొక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుని, తడిగా, చప్పుడు లేకుండా జారాయి. అందరికంటే వెనక, డ్రమ్ము అడుగున గోనెకి పట్టుకుని ఉండిపోయిన ఒక్క టెంక, మేనేజరు డ్రమ్ముని రెండుసార్లు తట్టాక బయటికి వచ్చి పట్టా చివరిదాకా దొర్లింది.

శ్యామ్ సుందర్ వేలితో లెక్కపెట్టాడు. ఆ లెక్క పెట్టకపోయినా కళ్ళకి కనిపిస్తూనే ఉంది. అయినా పద్ధతి ప్రకారం పెట్టాడు. "ఒక టెంక. మిగతాది తొక్క," అని రావు గారి వైపు తిరిగి చెప్పాడు. ఎవరో నవ్వాపుకున్నారు. ఎవరో దగ్గారు. సుజాత ఆ టెంకనే చూస్తూ ఉండిపోయింది. దాన్ని ఆమె గుర్తుపట్టాల్సిన పని లేదు. ఉన్నది ఒక్కటే, వేసింది తను.

అంటే తొమ్మిది చేతులూ తొక్కే వేశాయి.

ఆమె పాపని భుజం మార్చుకుని నేరుగా రావు గారి కుర్చీ ముందుకి వెళ్ళింది. వెంకటకృష్ణారావు గారు చెడ్డవారు కాదు. చెడ్డవారైతే ఈ కథ ఇన్ని వారాలు సాగేది కాదు, ఎప్పుడో ఎవరో ఒకరు ఆయన మీద తిరగబడి ముగించేసేవారు. ఆయన నెమ్మదస్తుడు. గొంతు పెంచరు. ఎవరు ఏం చెప్పినా పూర్తిగా విని, తర్వాత తను ముందే అనుకున్నదే చేస్తారు.

"అయ్యగారూ, సెలవు మీరే ఇచ్చారండి. పురిటి సెలవులో ఉన్నా పనిలో ఉన్నట్టే లెక్కంట కదండి."

"బోనసుకి లెక్కేనమ్మా. దసరాకి నీకు పైసా తగ్గదు, తగ్గితే నన్నడుగు. సంతోషానికి లెక్కేంటి?"

మాఘం నుంచి నొప్పులొచ్చే వారం దాకా తను చేసిన పని సుజాత చెప్పుకొచ్చింది. మిషన్లు విప్పించి కడిగించింది, కొత్తవాళ్ళకి కత్తి పట్టడం నేర్పింది, నిండు కడుపుతో నిచ్చెనెక్కి ట్యాంకులో సున్నం గీకించింది. రావు గారు అన్నిటికీ తలూపారు. అన్నీ నిజమే అన్నారు. ఆయన కాదనకపోవడమే ఆమెకి చిక్కైంది. కాదంటే వాదించొచ్చు.

"తోటలో చూడమ్మాయ్," అన్నారాయన చివరికి. "ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు కాయదు. కాయలేదని నరుకుతామా? నరకం. నీళ్ళూ ఎరువూ మానేస్తామా? మానెయ్యం. నీకు సెలవూ జీతమూ ఇవ్వలేదా? అంతేగాని కాయని చెట్టుకి కాటా పెట్టం కదా. ఈ ఏడు నీది కాపు లేని ఏడనుకో."

సుజాత పాపని భుజం మీద నుంచి దింపి, ముఖం ఆయనకి కనపడేలా పట్టుకుంది.

"కాశానండి. ఇదిగో."

షెడ్డంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా రావు గారే నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వారు. బాగా చెప్పావమ్మాయ్, మా నాన్న ఉండుంటే మురిసిపోయేవాడు అన్నారు. ఒక్క క్షణం సుజాతకి ఆశ పుట్టింది. మనిషి ఇంత నవ్వాడంటే సంతోషం కలిగినట్టే కదా అనుకుంది. ఆయన జేబులోంచి నోటు తీసి, పాపాయిని మొదటిసారి ఉత్త చేతులతో చూడకూడదని, పాప గుప్పిట్లో పెట్టారు. కుర్చీ లోంచి లేచారు.

"నేను వేశానా తొక్క? మీవాళ్ళే వేశారు. ఏదైనా ఉంటే వాళ్ళతో మాట్లాడుకో."

నవ్వుకీ సంతోషానికీ ఏ చుట్టరికమూ లేదని సుజాతకి అప్పుడు తెలిసింది.

వాళ్ళతో మాట్లాడుకో అన్నారు కదా, ఆమె ఎవరితోనూ మాట్లాడనే అక్కర్లేకపోయింది. వాళ్ళే వచ్చారు. కుళాయి దగ్గర పాప మూతి తుడుస్తుంటే స్వాతి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "ఆ ఒక్కటీ నాదే అక్కా. మిగతావాళ్ళు ఇలా చేస్తారనుకోలేదు," అంది. సుజాతకి ఒక్క క్షణం ఏం వినపడిందో అర్థం కాలేదు. తర్వాత, "తెలుసులే" అంది.

షెడ్డు వెనక కాసేపు కూర్చుందామని వెళ్తే, నీడలో ఉన్న ఇంకో మనిషి చెయ్యి పట్టుకుని అదే చెప్పింది. డ్రమ్ము పక్కన నుంచి పోతుంటే మరొకావిడ వెనక నుంచి గొణిగింది. క్యాంటీను దగ్గర ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు, రెండోది వస్తోందని మొదటిది తప్పుకుని మరీ, ఒకే మాట ఒకే గొంతుతో చెప్పారు. అప్పాయమ్మ అయితే పాప తల మీద చెయ్యి పెట్టబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుని, తన తల మీదే పెట్టుకుంది. "ఈ చేత్తో వేశానమ్మాయ్ టెంక. నన్ను మాత్రం అనుకోకు." మిగిలిన ఇద్దరూ కూడా వచ్చి చెప్పిపోయాక, ఎండ దిగేసరికి ఆ ఒక్క టెంకకీ ఎనిమిది మంది సొంతదారులు తేలారు. అంతమంది తమదన్న టెంకని భూమిలో పాతితే తోటే లేచేది.

అది నాదే అని ఒక్కరితోనైనా అనేస్తే బాగుండేది. సుజాత అనలేకపోయింది. అంటే ఆ మనిషి ముఖం ఏమైపోతుందో చూడాల్సి వస్తుంది. అబద్ధమే అయినా, తన కోసం అబద్ధం చెప్పాలన్నంత సిగ్గైనా వాళ్ళకి మిగిలింది. ఆ కాస్తా ఊడబీకితే రేపు ఎవరి పక్కన నిలబడి కాయ కొయ్యాలి? అందుకని ఎనిమిది మందికీ తెలుసులే అనే చెప్పింది. ఆ మాట అన్నప్పుడల్లా లోపల ఏదో కొంచెం కొంచెం మూతబడుతూ వచ్చింది. ఎవరి మీదనైనా కోపం తెచ్చుకుందామంటే ఒక్కరూ చేతికి దొరకడం లేదు. అయ్యగారు వెయ్యలేదు, వీళ్ళూ వెయ్యలేదు. తొక్కలు మాత్రం పట్టా మీద ఉన్నాయి.

తొమ్మిదో మనిషి కోసం సుజాత ఎదురు చూసిందా అంటే చూసింది. ఏప్రాన్లు విప్పుకునే గదిలో ప్రమీలారాణి బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. సుజాత పక్కన కూర్చుంది. ఇదీ ఇప్పుడు అదే మాట చెబుతుంది, దీని నోటి నుంచి వింటే మాత్రం నేను తట్టుకోలేను అనుకుంది.

"నేను తొక్కే వేశాను," అంది ప్రమీలారాణి.

సుజాత పాపని భుజం మీద నుంచి ఒళ్ళోకి దింపుకుంది.

"మూడు నెలలు నీ పనీ నా పనీ నేనే చేశానే. అదనంగా రూపాయి ఇవ్వలేదు. కోపం వచ్చింది. ఆ కోపం కంపెనీ మీద చూపించలేను, నీ మీదైతే చూపించగలను." ఏప్రాన్ ముడి విప్పుకుంటూ మళ్ళీ అంది. "ఇంకోటి కూడా ఉంది. మన లైనుకి పర్మినెంటు ఒక్కటే. నీది తెగితే అది నాకొస్తుంది."

"తెలుసు."

"తెలిసి కూడా నన్నడగలేదే, టెంక వెయ్యమని."

"అడిగితే వేసేదానివా?"

"లేదు."

ఇద్దరూ గోడకి వేలాడుతున్న ఏప్రాన్లని చూస్తూ కూర్చున్నారు. పొద్దుట్నించి విన్న మాటల్లో నిజమైనది ఇదొక్కటే. విచిత్రం ఏంటంటే, ఇదే అందరికంటే తక్కువ నొప్పిగా తగిలింది. పాప ప్రమీలారాణి వైపు చెయ్యి చాపింది. ఆమె ఎత్తుకుని, ఒళ్ళో పడుకోబెట్టుకుని, తలలో వాసన చూసింది. సొనకి కాలిన వేళ్ళు గుచ్చుకోకుండా చేతిని తిరగేసి, మణికట్టు వెనకతో పాప బుగ్గ రాసింది.

"నీకు ఆ వికారం ఎన్నో నెలకి తగ్గిందే?" అంది తల ఎత్తకుండా. "కలెక్టర్ కాయ కోస్తుంటే ఆ వాసనకి కడుపులో దేవేస్తోంది. ఇదివరకెప్పుడూ లేదు."

సుజాతకి విషయం అందడానికి ఎంతో సేపు పట్టలేదు. ప్రమీలారాణికి పెళ్ళయి ఆరేళ్ళు, ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు, ముడుపు కట్టని దేవుడు లేడు. ఇంకెవరైనా ఈ మాట చెబితే లేచి కౌగిలించుకునేది. లేవలేకపోయింది.

"ఎప్పటికి?"

"మాఘానికంటున్నారు."

"అంటే వచ్చే సీజను..."

"వచ్చే సీజను నేనుండను. టెంపరరీగా ఉంటే నాకూ డ్రమ్ము పెడతారు. పర్మినెంటు వాళ్ళకి డ్రమ్ము లేదు కదే." ప్రమీలారాణి ఇప్పుడు సూటిగా చూసింది. "అందుకే వేశాను. నీకు ఏం పడుతుందో నాకు ముందే తెలుసు. నాకూ అదే పడుతుంది. ఆర్డరు చేతికి వచ్చేదాకా ఎవరికీ చెప్పకు. మీ ఆయనకి కూడా."

సుజాత చెప్పనని అనలేదు. చెబుతాననీ అనలేదు. ఏదైనా అనేలోపే సాయికుమార్ వచ్చి, మేనేజరు గారు కాటా గదిలో ఉన్నారు, నిన్ను ఒకసారి రమ్మంటున్నారని చెప్పి పోయాడు. పాపని నేను చూస్తాలే, వెళ్ళిరా అంది ప్రమీలారాణి.

కాటా గదిలో శ్యామ్ సుందర్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆ ఫ్యాక్టరీలో ఏసీ ఉన్న గది అదొక్కటే. మనుషుల కోసం కాదు, తూకం మిషను చెడిపోతుందని పెట్టించారు. కూర్చోమ్మా అన్నాడు. మేస్త్రులని కూర్చోమనడం ఆయనకి అలవాటు లేదు. సుజాత కుర్చీ అంచున కూర్చుంది. చెమట ఒక్కసారిగా చల్లబడి ఒళ్ళు జలదరించింది. జరిగినదానికి తనకీ బాధగానే ఉందన్నాడు. పాప ఎలా ఉందన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతికి వచ్చాడు. ప్రమీలారాణి పేరు మీద పర్మినెంటు ఆర్డరు టైపు చేసి ఉంది. ప్రింటు తియ్యడమే తరువాయి. రావు గారికి మాత్రం చిన్న అనుమానం ఉందట. పోయిన వారం ఆ పిల్ల లైన్లోంచి రెండుసార్లు నోరు మూసుకుని బయటికి పరిగెత్తిందని ఎవరో చెప్పారట.

"నువ్వు దాని దగ్గర మనిషివి. నీకు చెప్పి ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు మేస్త్రులు సీజన్లో సెలవు పెడితే ఫ్యాక్టరీ నడవదు కదా. ఏమీ లేదంటే చెప్పు, ఇప్పుడే ప్రింటు తీస్తా. ఏదైనా ఉందంటే, నీ పేరు మళ్ళీ చూద్దాం."

"డ్రమ్ము తేల్చేసింది కదండీ," అంది సుజాత.

శ్యామ్ సుందర్ చిన్నగా నవ్వాడు. "డ్రమ్ముదేముందమ్మా. సంతోషం అయ్యగారిది. ఒక టెంక పడిందిగా, అది చాలనుకుంటే చాలు."

సుజాత కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఆ చిన్న మాటకి ఇవాళంతా తలకిందులైంది. చాలనుకుంటే చాలట. అయ్యగారు పొద్దున్నే అనుకుని ఉంటే డ్రమ్ము లేదు, తొక్క లేదు, ఎనిమిది అబద్ధాలు లేవు. ఆయన అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటానంటున్నారు, మధ్యలో ఒక్క మాట పెట్టి. నిజం చెబితే శ్రావణం తర్వాత పాపని వదిలి ఎక్కడికీ పోనక్కర్లేదు. అబద్ధం చెబితే పోవాలి. నిజం చెబితే ఆరేళ్ళకి కడుపు పండిన మనిషి, మాఘంలో కని, సీజను చివర చంటిపిల్లతో ఇదే డ్రమ్ము ముందు నిలబడాలి.

అద్దం అవతల ఖాళీ లారీ నీడలో ప్రమీలారాణి పాపని ఎత్తుకుని అటూ ఇటూ నడుస్తోంది. లారీ చక్రాన్ని చూపించి ఏదో చెబుతోంది. ఇటు చూసి, సుజాత కళ్ళు కలిశాయని తెలిసి, పాప చెయ్యి పట్టుకుని ఊపింది.

శ్యామ్ సుందర్ వేలు కంప్యూటరు మీట మీద ఆగి ఉంది.

"చెప్పమ్మా. ఏదైనా ఉందా?"

సుజాత అద్దం మీద నుంచి చూపు తిప్పుకుంది.

"సార్," అంది.